ఆటపెట్టెను ఏ పద్దు కింద రాయాలి?

దసరా దగ్గర పడేసరికి ఆఫీసులలో బోనసు మాట బయలుదేరుతుంది. దాని వెనకనే ఇళ్ళలో పిల్లల కోరికల జాబితా బయలుదేరుతుంది. పూర్వం ఆ జాబితాలో సైకిలో, చేతిగడియారమో వుండేది. ఇప్పుడు చాలా ఇళ్ళలో మొదటి పేరు గేమింగ్ కన్సోలుది. మనం దాన్ని ఆటపెట్టె అనుకుందాం. తండ్రి కనుబొమలు ముడిపడగానే పిల్లలు ఒక మాట కలుపుతారు: “అదీ కంప్యూటరే నాన్నా! లోపల అంతా అదే వుంటుంది.” తల్లి మెత్తబడుతుంది. కంప్యూటరంటే చదువుకు పనికివచ్చేది గదా అని!

మన సంఘం కుటుంబాలలో ఈ సంభాషణ జరగని ఇళ్ళు బహుశా తక్కువే. అందుచేత ఆ మాటలో నిజమెంతో ఈ నెల ఈ శీర్షికలో విచారిద్దామనుకున్నాము. నెలజీతం మీద నడిచే ఇంటికి ఇది చిన్న ఖర్చు కాదు. 2021 ఫిబ్రవరి 2న ప్లేస్టేషన్ 5 మన దేశంలో అమ్మకానికి వచ్చినప్పుడు డిస్కు పెట్టుకునే రకం ధర 49,990 రూపాయలు, డిస్కు లేని రకం ధర 39,990 రూపాయలు. ఇంత సొమ్మును ఇంటి ఖర్చు పుస్తకంలో చదువు పద్దు కింద రాయాలా, వినోదం పద్దు కింద రాయాలా అన్నది కొనకముందే తేలవలసిన విషయం.

న్యాయంగా ముందు పిల్లల పక్షం వినాలి. లోపల అంతా కంప్యూటరే అన్న మాట అబద్ధం కాదు. 2001లో మైక్రోసాఫ్టు కంపెనీ ఎక్స్‌బాక్సు అనే ఆటపెట్టెను తెచ్చింది. దాని మూత విప్పితే కనబడేవి 733 మెగాహెర్ట్జుల ఇంటెల్ ప్రాసెసరు, 64 మెగాబైట్ల మెమరీ, ఒక హార్డుడిస్కు. ఆ రోజులలో ఇంటి కంప్యూటరులో వుండే సామాను కూడా అదే. 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4లోనూ, 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5లోనూ వున్న ప్రాసెసరు ఎ.ఎమ్.డి. కంపెనీది. మనం వాడే లాప్‌టాపులలో ఎన్నింటికో ప్రాసెసర్లు ఇచ్చే కంపెనీయే అది. ఆటపెట్టెకు లెక్కలు రావా అంటే, బాగా వచ్చును. తెరమీద బొమ్మ పరుగెత్తడమంటేనే సెకనుకు కోట్లకొద్దీ లెక్కలు కట్టడం గదా.

మరి తేడా ఎక్కడున్నది? పెట్టె మీద పెత్తనం ఎవరిదన్న చోట వున్నది. కంప్యూటరు కొన్నవాడు దానిలో తన ఇష్టం వచ్చిన ప్రోగ్రాము వేసుకోవచ్చు. పైగా ఆ ప్రోగ్రామును తానే రాసుకోవచ్చు. విండోసు నచ్చకపోతే తీసేసి, వుచితంగా దొరికే లినక్సు పెట్టుకోవచ్చు. ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆటపెట్టెలో అలా కాదు. అందులో నడిచే ప్రతి ఆట మీదా తయారీదారు వేసిన ఒక రహస్యమైన అంకెల ముద్ర వుంటుంది. ఆట మొదలుపెట్టగానే పెట్టె ఆ ముద్రను పరీక్షిస్తుంది. ముద్ర సరిపోతేనే ఆట నడుస్తుంది, లేకపోతే నడవదు. మావంటి గుమాస్తాలకు ఇది సులభంగా బోధపడుతుంది. బిల్లు ఎంత సవ్యంగా వున్నా ఆఫీసరు సంతకం లేకపోతే ట్రెజరీలో పైసా రాలదు గదా! కంప్యూటరులో ఆ సంతకం పెట్టే ఆఫీసరు కొన్నవాడే. ఆటపెట్టెలో ఆ ఆఫీసరు ఎక్కడో దూరదేశంలో కంపెనీలో కూర్చుని వుంటాడు.

ఈ తాళం ఎందుకు వచ్చిందో తెలుసుకుంటే దాని మంచి చెడ్డలు రెండూ తెలుస్తాయి. ఇంట్లో టీవీకి తగిలించుకునే మొదటి ఆటపెట్టె 1972లో అమెరికాలో వచ్చిన మాగ్నవాక్సు ఒడిస్సీ. రాల్ఫ్ బేయర్ అనే ఇంజనీరు ఆలోచన అది. అందులో ప్రాసెసరే లేదు. తెరమీద చుక్కలు మాత్రం కదిలేవి. రంగుల బొమ్మలున్న ప్లాస్టిక్ కాగితాలు టీవీ అద్దానికి అంటించుకుని, ఎవరికెన్ని పాయింట్లో చేత్తో రాసుకుంటూ ఆడేవారు. 1977లో అటారీ కంపెనీ ప్రాసెసరు వున్న పెట్టెను తెచ్చింది. దాని పని చేసే మెమరీ 128 బైట్లు, అంటే పోస్టుకార్డు మీద నాలుగు పంక్తులు రాసేపాటి చోటు. ఆట వున్న కార్ట్రిడ్జిని పెట్టెలో గుచ్చితే ఆట మారుతుంది. ఆ పెట్టెకు తాళం లేదు. 1979లో అటారీనుంచి బయటకు వచ్చిన కొందరు ఉద్యోగులు యాక్టివిజన్ అనే కంపెనీ పెట్టి, అదే పెట్టెకు తామే ఆటలు చేసి అమ్మారు. అటారీ దావా వేసింది. 1982లో రాజీ కుదిరింది. ఆ దారి చూసి మరెందరో బయలుదేరారు. చెత్త ఆటలు బజారును ముంచెత్తాయి. ఏది మంచిదో ఏది కాదో తల్లిదండ్రులకు తెలియక కొనడమే మానుకున్నారు. 1983లో అమెరికాలో ఆ వ్యాపారం కుప్పకూలింది. అటారీ తనవద్ద మిగిలిపోయిన కార్ట్రిడ్జీలను న్యూ మెక్సికో రాష్ట్రంలో అలమగోర్డో ఊరి చెత్తగుంటలో పూడ్చిపెట్టింది. 2014లో తవ్విచూస్తే అవి బయటపడ్డాయి కూడా.

ఆ పతనం చూసి పాఠం నేర్చుకున్నది జపాను దేశపు నింటెండో. ఇది 1889లో క్యోటో నగరంలో పేకముక్కలు చేయడానికి పుట్టిన కంపెనీ. 1983లో జపానులో తెచ్చిన తన ఆటపెట్టెకు అది పెట్టిన పేరు “ఫ్యామిలీ కంప్యూటరు.” అదే పెట్టె 1985లో అమెరికాకు వెళ్ళినప్పుడు ఆ పేరు లేదు, వీడియో ఆటలంటే భయపడే దుకాణాలవారికి ఆటవస్తువుగా చూపించడానికి ఒక చిన్న మరమనిషి బొమ్మను జతచేసి అమ్మారు. పేరును బట్టి వస్తువును నమ్మరాదని దీన్నిబట్టి గ్రహించవచ్చు. అమెరికాకు పంపిన ఆ పెట్టెలోనే నింటెండో తాళం పెట్టింది. పెట్టెలో ఒక చిప్పు, కార్ట్రిడ్జిలో దాని జత చిప్పు వుంటాయి. రెండూ పలకరించుకుంటేనే ఆట నడుస్తుంది. ఒక్కొక్క కంపెనీ ఏడాదికి అయిదు ఆటలకు మించి తేరాదని షరతు కూడా పెట్టారు. వ్యాపారం మళ్ళీ లేచి నిలబడింది. బజారులో కల్తీ అరికట్టడానికే తాళం వచ్చిందని ఒప్పుకోవాలి. అయితే తాళంచెవి చేతిలో వున్నవాడు దాన్ని కల్తీ కోసం మాత్రమే వాడతాడని అనుకోవడం అమాయకత్వం.

కంప్యూటరు దారి దీనికి ఎదురు. ఐ.బి.ఎమ్. కంపెనీ 1981 ఆగస్టు 12న తన పర్సనల్ కంప్యూటరును తెచ్చింది. త్వరగా తేవాలన్న తొందరలో బజారులో దొరికే విడిభాగాలనే వాడింది. ప్రాసెసరు ఇంటెల్‌ది, లోపలి వ్యవస్థ మైక్రోసాఫ్టుది. ఆ యంత్రం ఎలా కట్టారో వివరించే పుస్తకం కూడా అమ్మింది. దాంతో మరుసటి ఏడాదికే కాంపాక్ వంటి కంపెనీలు దానికి సరిజోడు యంత్రాలు చేయడం మొదలుపెట్టాయి. పోటీ పెరిగి ధరలు దిగివచ్చాయి. ఆ ఫలితాన్ని మనం కళ్ళారా చూస్తున్నాం. బెంగుళూరు ఎస్.పి. రోడ్డులోనో, చెన్నై రిచీ వీధిలోనో, ముంబాయి లామింగ్టన్ రోడ్డులోనో నడిచివెళ్ళితే ఒక దుకాణంలో బోర్డు, మరొక దుకాణంలో మెమరీ, ఇంకొక చోట పెట్టె కొని, అక్కడే బిగించి ఇస్తారు. మూడేళ్ళకు మెమరీ చాలకపోతే మరికొంత చేర్చుకోవచ్చు. ఆటపెట్టెకు ఇటువంటి సంత లేదు. అది ఒకే కంపెనీ ఇంటినుంచి వస్తుంది. ప్రాసెసరు మార్చడం, మెమరీ పెంచడం కుదరదు.

ఇక ధర సంగతి. ఒకే బలం వున్న ఆటపెట్టె, కంప్యూటరు పక్కపక్కన పెడితే మొదటి రోజున ఆటపెట్టే చవక. దానికి కారణం దానధర్మం కాదు. చాలాసార్లు కంపెనీ పెట్టెను అసలు ఖర్చుకో, అంతకన్న తక్కువకో అమ్ముతుంది. 2006లో ప్లేస్టేషన్ 3ను సోనీ నష్టానికే అమ్మింది. ఆ నష్టం ఆటల మీద పూడుతుంది. తాళంచెవి తన దగ్గర వున్నది గనుక, ఆ పెట్టెకు ఎవరు ఏ ఆట చేసి అమ్మినా కంపెనీకి వాటా ముడుతుంది. పైగా 2013లో ప్లేస్టేషన్ 4 వచ్చినప్పటినుంచి, డబ్బు పెట్టి కొన్న ఆటను ఇంటర్నెట్టు మీద ఇతరులతో కలిసి ఆడాలంటే చాలావరకు విడిగా చందా కట్టాలి. కంప్యూటరు మీద ఆడేవారికి సాధారణంగా ఈ చందా లేదు. గుర్రం చవకే, గుగ్గిళ్ళే ఖరీదు అన్నమాట. పెట్టె ధర ఒక్కటే చూసి సంతోషించేవారు ఏడాదికి ఎన్ని ఆటలు కొంటారో, చందా ఎంతో కూడా లెక్కవేసుకోవాలి.

ఇది కంప్యూటరా, ఆటవస్తువా అన్న ప్రశ్న మన ఇళ్ళలోనే కాదు, సుంకాల కచేరీలలో కూడా పెద్ద పేచీ తెచ్చింది. 2000లో సోనీ యూరపులో ప్లేస్టేషన్ 2ను అమ్మినప్పుడు, దానితోపాటు ఇచ్చిన డిస్కులో బేసిక్ అనే భాషలో చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకునే సదుపాయం పెట్టింది. అప్పట్లో అక్కడ ఆటపెట్టెకు దిగుమతి సుంకం వుండేది, కంప్యూటరుకు వుండేది కాదు. అదీ రహస్యం! 2001లో యూరపు కమిషను అది ఆటయంత్రమేనని నిబంధన చేసింది. సోనీ కోర్టుకు వెళ్ళింది. 2003 సెప్టెంబరు 30న ఆ నిబంధనను కోర్టు కొట్టివేసింది. దేశదేశాల సుంకాల జాబితాలకు ఆధారమైన ఉమ్మడి పట్టికలో కంప్యూటరుకు 8471, ఆటపెట్టెకు 9504 పద్దులు. కంప్యూటరు అనిపించుకోవాలంటే వాడేవాడి అవసరాలను బట్టి స్వేచ్ఛగా ప్రోగ్రాము చేసుకోవడానికి వీలుండాలని ఆ పట్టికలో షరతు వున్నది. మన దేశం కూడా ఈ పట్టికనే అనుసరిస్తుంది. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చినప్పుడు కంప్యూటరు మీద నూటికి 18, ఆటపెట్టె మీద నూటికి 28 పడింది. 2019 జనవరి 1 నుంచి ఆటపెట్టె మీద కూడా 18 చేశారు. పన్ను ఒకటైనా పద్దు మాత్రం ఒకటి కాలేదు. ఎంత శక్తి వున్నదన్నది ఆ షరతుకు పట్టదు. స్వేచ్ఛ ఎవరిదని మాత్రమే అడుగుతుంది. ఇంటిలో కూడా మనం అడగవలసిన ప్రశ్న అదే.

ఆ స్వేచ్ఛ పోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఒకటున్నది. ప్లేస్టేషన్ 3 వచ్చిన కొత్తలో దానిలో లినక్సు కూడా పెట్టుకోవడానికి సోనీయే వీలు కల్పించింది. ఆ రోజులలో అది ఆటపెట్టె అయి, కంప్యూటరు కూడా అయింది. ఎంతటి కంప్యూటరంటే, 2010లో అమెరికా వైమానికదళ పరిశోధనశాలవారు 1,760 ప్లేస్టేషన్ 3లను గొలుసుకట్టుగా కలిపి ఒక మహాకంప్యూటరునే నిర్మించారు. అదే సంవత్సరం ఏప్రిల్ 1న సోనీ ఒక కొత్త మార్పును పంపి, భద్రత కోసమని లినక్సు సదుపాయాన్ని తీసివేసింది. మార్పు వేసుకున్నవారికి లినక్సు పోయింది. వేసుకోనివారికి ఇంటర్నెట్టు మీద ఆట పోయింది. ముందురోజు వున్న సామానే మరునాడూ పెట్టెలో వున్నది. ఒక్క చిప్పు కూడా మారలేదు. అయినా రాత్రికి రాత్రి అది కంప్యూటరు కాకుండా పోయింది. కొన్నవారు దావాలు వేశారు గాని, పోయిన సదుపాయం తిరిగి రాలేదు.

ఇంతమాత్రాన ఆటపెట్టెను నిందించడం మా ఉద్దేశం కాదు. ఆడుకోవడానికే అయితే దానికున్న సుఖం కంప్యూటరుకు లేదు. మీట నొక్కితే చాలు, ఇల్లంతా టీవీ ముందు కూర్చుని ఆడుకోవచ్చు. అన్ని పెట్టెలూ ఒకే మాదిరివి గనుక ఆట తయారుచేసేవారికి దాని బలమెంతో ఖచ్చితంగా తెలుసు. ఆ బలానికి తగినట్లే కుట్టు కుదురుస్తారు. కంప్యూటర్లు వేయి రకాలు. ఒకదానిలో చక్కగా నడిచిన ఆట మరొకదానిలో నత్తనడక నడుస్తుంది. పెద్ద ఆటలకు గ్రాఫిక్సు కార్డు కావాలి, దాని ఖరీదు వేరే. ప్లేస్టేషన్లు వచ్చిన సంవత్సరాలు చూడండి: 1994, 2000, 2006, 2013, 2020. ఒకటి కొంటే ఆరేడేళ్ళు నిశ్చింత. వైరసుల బెడద తక్కువ. పిల్లవాడు రోజుకు ఎంతసేపు ఆడవచ్చునో తల్లిదండ్రులు ముందే గడియారం కట్టి వుంచే సదుపాయం కూడా వున్నది. ఇవన్నీ తాళం ఇచ్చిన ఫలాలే.

కాని తాళం వేసినవాడు దుకాణం మూస్తే? 2023 మార్చిలో నింటెండో తన పాత పెట్టెలైన వీ యూ, 3డీఎస్‌ల ఇంటర్నెట్టు దుకాణాన్ని మూసివేసింది. అందులో మాత్రమే దొరికే ఆటలు ఆ తరువాత కొనడానికి దారి లేదు. ప్లేస్టేషన్ 3 డిస్కులు ప్లేస్టేషన్ 5లో నడవవు. కంప్యూటరు మీద ఇంటర్నెట్టు దుకాణాలలో కొన్న ఆటకూ చాలాసార్లు మనకు దక్కేది వాడుకునే హక్కే, అది కూడా చెప్పాలి. అయినా అక్కడ దుకాణాలు అనేకం, పాత ఆటను ఎలాగో నడిపించుకునే ఉపాయాలు అనేకం. ఆటపెట్టే కొనేటట్లయితే డిస్కు పెట్టుకునే రకం కొనడం మధ్యతరగతికి మేలని మా అభిప్రాయం. డిస్కును పక్కింటి పిల్లవాడికి ఎరువివ్వవచ్చు, మార్చుకోవచ్చు, ఆడటం అయ్యాక అమ్ముకోవచ్చు. డిస్కు లేని పెట్టెలో ఆ వీలు లేదు. మొదట మిగిలిన 10,000 రూపాయలు తరువాత ఆటల మీద కరిగిపోవచ్చు.

మనవంటి కుటుంబాలకు ఇంకొక లెక్క కూడా వున్నది. తరాలుగా పరరాష్ట్రంలో స్థిరపడినవాళ్ళం. మన పిల్లలు బడిలో కన్నడమో, తమిళమో, ఒరియానో, మరాఠీయో చదువుతారు. తెలుగు ఇంట్లో మాట్లాడతారు గాని, అక్షరాలు రాని పిల్లలు ఎందరో. 1991లో యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగు లిపికి చోటు దొరికింది. ఈనాడు ఏ కంప్యూటరులోనైనా తెలుగు కీబోర్డు పెట్టుకుని అమ్మమ్మకు ఉత్తరం రాయవచ్చు, పాత పుస్తకాలు చదవవచ్చు, మన పత్రికకు వ్యాసం పంపవచ్చు. ఆ యంత్రం మీదే కన్నడమూ రాయవచ్చు. ఆటపెట్టె తెరమీద ఏ భాషలు వుండాలో కంపెనీ నిర్ణయిస్తుంది. దాని జాబితాలో లేని భాషను మనం చేర్చలేము. చేతిలో పట్టుకునే మీటలతో పరుగులు తీయించవచ్చు గాని వ్యాసం రాయించడం కష్టం. పైతాన్ వంటి ప్రోగ్రాము భాషలు వుచితం, సామాన్యమైన కంప్యూటరు మీదే నేర్చుకోవచ్చు. వాటికి పెద్ద గ్రాఫిక్సు కార్డు అక్కరలేదు. మన పిల్లలలో ఎందరో ఆ వృత్తిలోకే వెళుతున్నారు గనుక ఇది మాట వరుసకు చెప్పే లాభం కాదు.

అందుచేత కొనబోయేముందు ఇంట్లో మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ పెట్టెతో ఆటకాక మరొక పని చేయవలసిన అవసరం వున్నదా? వున్నట్లయితే కంప్యూటరే కొనండి. ఇంట్లో పనికివచ్చే కంప్యూటరు ఇదివరకే వున్నదా? వుంటే, సెలవునాడు ఇల్లంతా కలిసి ఆడుకోవడానికి ఆటపెట్టె కొనడం తప్పేమీ కాదు. రెండూ కొనే స్తోమతు లేక, చదువూ ఆటా రెండూ కావాలా? అలా అయితే సామాన్యమైన కంప్యూటరు కొని, దాని మీద నడిచే చిన్న ఆటలతో తృప్తిపడమని పిల్లలకు నచ్చచెప్పాలి. అవి కూడా వందలకొద్దీ వున్నాయి, మంచివీ వున్నాయి. గ్రాఫిక్సు కార్డును మరొక బోనసుకు అట్టేపెట్టవచ్చు. కంప్యూటరులో ఆ తలుపు తెరిచే వుంటుంది. అయితే చిన్న లాప్‌టాపులలో చాలావాటికి ఈ వీలు వుండదు. బల్లమీద పెట్టుకునే రకానికే వుంటుంది. దుకాణంలో ఈ సంగతి ముందే అడగాలి.

పిల్లలతో మాత్రం నిజం చెప్పండి. “లోపల కంప్యూటరే అన్నావు, నిజమే. తాళంచెవి నీ చేతిలో వుంటుందా, వాళ్ళ చేతిలో వుంటుందా?” అని అడిగి చూడండి. తెలివైన పిల్లలు వెంటనే గ్రహిస్తారు. మీరు కాదన్నందుకు కోపగించుకున్నా, ఎందుకు కాదన్నారో వారికి తెలిసి వుంటుంది. ఆటపెట్టె కొంటే దాన్ని వినోదం పద్దులోనే రాయండి. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. పండుగకు సినిమాకు పోయిన ఖర్చును మనం ఆ పద్దులోనే రాస్తాం గదా. చదువు పద్దులో రాస్తే మాత్రం, పరీక్షల ఫలితాలు వచ్చిన నాడు ఆ పద్దు ఎదుట జమ ఏదని ఇంట్లో పేచీ వస్తుంది. మీ ఇంట్లో ఏమి నిర్ణయించుకున్నారో మాకు రాయండి. తోటి కుటుంబాలకు పనికివస్తుంది.